కర్చీఫ్ వేసిన బండి

“మంగళవారం మధ్యాహ్నం మీ సర్వర్ ఖాళీగా కూర్చుంది. ఆ సంగతి మీకు తెలుసా?” అని అడిగాను.

పెన్నుకు మూత పెట్టబోతున్న సూపర్‌వైజర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూత టక్కుమని పడింది.

“ఖాళీగానా? భలేవారే! స్క్రీన్లన్నీ గిర్రున తిరుగుతుంటే మావాళ్ళు ఒక్క బండినీ పంపలేకపోయారు. ఫోన్లు చెవిన పెట్టుకుని దిక్కులు చూశారు. మీరేమో ఖాళీ అంటారు.”

“నా బాధ కూడా అదేనండీ. పని ఎక్కువై నెమ్మదించిన సర్వర్ రొప్పుతూ దొరకాలి. ప్రాసెసర్ వేడెక్కాలి, డిస్క్ ఊపిరాడకుండా తిరగాలి. ఆ మధ్యాహ్నం రెండూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి. అంటే పని ఎక్కువై ఆగలేదు. దేనికోసమో ఎదురుచూస్తూ ఆగింది.”

“నేను అంబులెన్సులు పంపేవాణ్ణి మేడమ్. కంప్యూటర్ కడుపులో ఏముందో నాకేం తెలుసు? అది ఆ డేటాబేస్ అమ్మాయి పని. ఆవిడే పాడుచేసింది, ఆవిడే ఒప్పుకుంది.”

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. పట్టపగలు ఆ పని పెట్టుకోకుండా ఉండాల్సిందని మాత్రం అంది, అంటూ ఏడ్చింది. ఏడుపును ఒప్పుకోలు కింద రాసుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

జరిగింది ఇదీ. పోయిన మంగళవారం ఈ అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో వ్యవస్థ మొత్తం పావుగంటసేపు బిగుసుకుపోయింది. ఆ పావుగంటలోనే ఒక రిటైర్డ్ డాక్టర్ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అంబులెన్సుల పనితీరును తనిఖీ చేసే కమిటీకి ఆయనే పెద్ద. ఆయన వీధి చివరనే ఒక బండి నిలబడి ఉంది. దానికి ఆజ్ఞ అందలేదు, అది కదల్లేదు. కదిలి వెళ్ళేసరికి ఆయన లేరు. అదే సమయంలో డేటాబేస్ చూసే అమ్మాయి ఒక కొత్త ఇండెక్స్ కడుతోంది. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది చూడండి, అలాంటిది, వెతుకులాట తొందరగా సాగడానికి. ఆ పనివల్లే అంతా ఆగిపోయిందనీ, ఆమె నిర్లక్ష్యం ఒక ప్రాణం తీసిందనీ పోలీసులు కేసు రాశారు. ఈ సాయంత్రం అరెస్టు.

నన్ను పిలిపించింది ఆ అమ్మాయి కాదు, ఆమె అత్తగారు. “మా కోడలు కూరలో ఉప్పెక్కువేస్తే నేనే నాలుగు కేకలేస్తాను అమ్మాయ్. మనిషిని చంపిందంటే మాత్రం ఎవణ్ణయినా సరే గుమ్మం తొక్కనివ్వను,” అంది గడపలోనే నిలబడి. పదిహేనేళ్ళు డేటాబేస్‌లతో కాపురం చేసి ఆ తర్వాత డిటెక్టివ్‌నయ్యాను కాబట్టి నా నంబర్ ఆవిడకు ఎవరో ఇచ్చారు. కోడలి కోసం అంతలా ఒంటికాలి మీద లేచే అత్తగారిని చూశాక నాకు కాదనడానికి నోరు రాలేదు.

“రోజూ పన్నెండు దాటాక ఇక్కడ నెమ్మదిస్తోందట?” అన్నాను సూపర్‌వైజర్‌తో.

“రెండు నెలలుగా ఇదే గోల.”

“ఫిర్యాదు చేసిందెవరు?”

“నేనే.”

“మంగళవారం ఆ అమ్మాయికి ఫోన్ చేసి, వెంటనే ఏదో ఒకటి చెయ్యమన్నదీ మీరేనా?”

పెన్నును బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. “చెయ్యమన్నాను. నెమ్మదిగా ఉంటే చెయ్యమనరా? పట్టపగలు చెయ్యమని నేను అనలేదు.”

“వెంటనే అంటే పట్టపగలే కదండీ. మీరు ఫోన్ చేసేసరికి పన్నెండు కూడా కాలేదు. సరే, పోనివ్వండి. డాక్టర్ గారిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?”

“ఆ రోజు పొద్దున్నే. ఇంటికెళ్ళి కమిటీ సంగతులు మాట్లాడొచ్చాను. నవ్వుతూ మాట్లాడారు పాపం. గుండెజబ్బు మనిషి, ఎప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు?”

అతని గొంతులో విచారం సరిగ్గానే పలికింది. నాకు ఎక్కడా పట్టు దొరకలేదు. అందుకే కాస్త కదిలించి చూద్దామనుకున్నాను.

“ఇవాళ కూడా పన్నెండు దాటాక నెమ్మదిస్తుంది కదా. అప్పుడు నేనే కూర్చుని చూస్తాను. ఆ అమ్మాయి ఇంటి నుంచి ఫోన్‌లో చెప్తుంటే నేను కొడతాను. సర్వర్ దగ్గర పేరుకున్న క్యూలో మొట్టమొదట ఎవరున్నారో ఆమె ఆ రోజే చూసింది. ఎవరూ నమ్మలేదు, అంతే.”

“చూసిందా?” అన్నాడు. వెంటనే గోడ గడియారం వైపు చూసి లేచాడు. “నాకు బయట చిన్న పనుంది మేడమ్. మధ్యాహ్నం మళ్ళీ కూర్చుందాం.”

హాల్లోంచి నడిచి వెళ్తూ మూల సీటు దగ్గర కాస్త వంగి ఏదో సర్దుకున్నాడు. నేను పట్టించుకోలేదు. నోరు జారానన్న సంగతి కూడా నాకు అప్పటికి తట్టలేదు.

హాల్లోకి మొబైల్ ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టించేస్తారు. కాల్ చేసినవాళ్ళ వివరాలు బయటికి పోకూడదట. నాకు గోడవారగా ఒక కంప్యూటర్, పక్కన తీగ ఉన్న ఫోన్ ఇచ్చారు. నేను సర్దుకుని కూర్చునేసరికి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. పోలీసు శాఖలో ఇతన్ని శుభం కార్డు అంటారు. ఏ కేసైనా సరే కథ సగంలో ఉండగానే శుభం వేసేసి ఇంటికి వెళ్ళిపోతాడని.

“ఇంకా కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నారా మేడమ్?” అన్నాడు. “చెట్టంత ఆధారం మా దగ్గరుంది. ఆ టైములో డేటాబేస్‌లో ఎవరెవరు ఎవరికోసం ఆగారో, సర్వర్ దాచుకున్న రికార్డులోంచి మా కంప్యూటర్ కుర్రాడు జాబితా తీశాడు. అందరూ ఆవిడ ఇండెక్స్ వెనకే నిలబడ్డారు.”

“నిజమే. మరి ఆమె ఎవరి వెనక నిలబడింది?”

“అంటే?”

“మీ ఇంటికి చుట్టాలు దిగారనుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. బాత్‌రూమ్ ఒక్కటే. తువ్వాళ్ళు భుజాన వేసుకుని పదిమంది వరసగా నిలబడ్డారు. మీరొచ్చి, వరసలో ముందున్న ఆవిడని పట్టుకుని ఈవిడ వల్లే ఆలస్యం అన్నారు. లోపల గడియ పెట్టుకున్నదెవరో చూడలేదు.”

“చూడకేం? పనిచేస్తున్న ప్రతి కనెక్షన్‌నీ చూశాం.”

“అక్కడే పప్పులో కాలేశారు. పనిచేస్తున్నవాటినే చూశారు. లోపలున్నవాడు గడియ పెట్టుకుని నిద్రపోతుంటే? పని చెయ్యడు, బయటికీ రాడు. మీ జాబితాలో వాడి పేరే ఉండదు.”

అతను దవడ గోక్కున్నాడు. “తొమ్మిదో సీటు అని ఆవిడేదో చెప్పింది. సర్వర్ రీస్టార్ట్ చేశాక చూస్తే అలాంటిదేం లేదు.”

“రీస్టార్ట్ చేస్తే పాత కనెక్షన్లన్నీ పోతాయి. చెయ్యమన్నదెవరు?”

“సూపర్‌వైజర్. జనం చచ్చిపోతుంటే చెయ్యమనడా?” అని నా మీద గుడ్లురిమాడు. “చూడండి, సాయంత్రం ఐదింటికి జీపు పంపిస్తున్నాను. ఈలోగా నా కళ్ళకు కనబడేది ఏదైనా ఉంటే చూపించండి. కబుర్లు వద్దు.”

అతనితో వాదించి లాభం లేదని హాలు వైపు తిరిగాను. నాకు దగ్గర్లోనే ఏడో సీటులో ఒక సీనియర్ ఆపరేటర్ కూర్చుని ఉంది. చేతి వేళ్ళు వాటంతటవే పనిచేసుకుపోతున్నాయి, ముఖంలో మాత్రం అలసట. ఒక కాల్ ముగించింది. ఇంకో కాల్ ఇంకా రాలేదు. అయినా జాబితాలోంచి ఒక బండిని ఎంచుకుని, వివరాలు మార్చే ఫారం తెరిచి, ఏమీ మార్చకుండా అలాగే వదిలేసింది.

“అదేంటమ్మా?” అన్నాను.

ఉలిక్కిపడింది. “ఏం లేదండీ.”

“ఎవరూ పిలవకుండానే బండి ఫారం తెరిచారు కదా?”

ఇన్‌స్పెక్టర్ యూనిఫారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. “కర్చీఫ్ వేశానండీ,” అంది గొంతు తగ్గించి.

“కర్చీఫా?”

“బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తారు చూడండి, అలాగ. ఫారం తెరిచి ఉంచితే ఆ బండి ఇంకెవరికీ దొరకదు. కాల్ రాగానే నాకు దగ్గర బండి రెడీగా ఉంటుంది. ఫోన్ ఎత్తినప్పట్నుంచి బండి కేటాయించేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కేస్తారు మాకు. అందరికంటే వెనకబడ్డవాళ్ళకి ఆదివారం డ్యూటీ. అందుకని అందరూ వేస్తారు. అరనిమిషం ఉంచి తీసేస్తాం.”

“భోజనానికి లేచినప్పుడు?”

తల దించుకుంది. “ఒక్కోసారి మర్చిపోతాం. పక్క సీటువాళ్ళు చూసి తీసేస్తారు. ఈలోగా కాస్త నెమ్మదిస్తుంది.”

రెండు నెలల రోగం ఇంత తేలిగ్గా దొరికినందుకు నాకు సంతోషం వెయ్యలేదు, చిరాకేసింది. ఒకరు బండి ఫారం తెరిచి ఉంచితే డేటాబేస్ ఆ బండికి తాళం వేస్తుంది. ఆ పేటలో ఇంకెవరు బండి వెతికినా ఆ తాళం దగ్గరే ఆగిపోతారు. ఆగిన ప్రతి ఒక్కరూ ఒక కనెక్షన్ పట్టుకునే ఆగుతారు. సర్వర్‌కు ఉన్న కనెక్షన్లు ఇన్నే అని లెక్క ఉంటుంది. అవి నిండిపోయాయంటే పేటతో సంబంధం లేనివాళ్ళకు కూడా స్క్రీన్ తిరుగుతుంది. నెమ్మదిని కొలిచే లెక్క పెట్టి ఆ లెక్క కోసమే నెమ్మది తెచ్చుకున్నారు వీళ్ళు.

“ఈ సంగతి సూపర్‌వైజర్‌కి తెలుసా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఆయనే నేర్పారండీ,” అంది ఆవిడ. “మన సెంటర్ టైములు అన్నిటికంటే బాగున్నాయని ఆయనకి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి. మొన్నామధ్య ఆ డాక్టర్ గారొచ్చి నా పక్కనే కూర్చుని, మీరు అడిగినట్టే అడిగారు. ఆయనక్కూడా చెప్పాను. వచ్చే వారం కమిటీలో అందరికీ చెప్తానన్నారు.”

ఆ వారం ఆయనకు మిగల్లేదు. నేను ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూశాను. అతను నా వైపు చూడలేదు, కానీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అంతలోనే మొదలైంది. ముందు చివరి వరసలో ఎవరో “అబ్బా, మళ్ళీనా!” అన్నారు. తర్వాత ఒక్కొక్క స్క్రీన్ మీదా చక్రం తిరగడం మొదలైంది. “లైన్లో ఉండండి సార్, లైన్లోనే ఉండండి,” అన్న మాట హాలంతా పాకింది. నేను తీగ ఫోన్ ఎత్తి ఆ అమ్మాయి ఇంటికి చేశాను.

“మొదలైందా అక్కా?” అంది. గొంతు నీరసంగా ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేదు కదా అనుకున్నాను.

“మొదలైంది. చెప్పు, కొడతాను.”

ఒక్కొక్క అక్షరం చెప్పింది. పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నా స్క్రీన్ మీద జాబితా దిగింది. ఎదురుచూస్తున్నవాళ్ళు పేజీ నిండా ఉన్నారు. ఒక్కొక్కరు ఎవరికోసం ఆగారో పట్టుకుంటూ వెళ్ళాను. ముప్ఫై నాలుగు వాడు పన్నెండు కోసం, పన్నెండు వాడు ఏడు కోసం. ఏడో సీటావిడ కూడా ఎదురుచూసేవాళ్ళలోనే ఉంది. అందరి దారీ చివరికి ఒక్కడి దగ్గరే ముగిసింది. వాడు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు.

“మొదటివాడు దొరికాడు,” అన్నాను. “ఏమీ చెయ్యడం లేదు. నిద్రపోతున్నాడు. తొమ్మిదో సీటు.”

“అదే అక్కా! ఆ రోజు కూడా అదే,” అంది. ఆ గొంతులో అంతసేపటికి ప్రాణం వచ్చింది. “నేను చెప్తే ఎవరూ నమ్మలేదు.”

తొమ్మిదో సీటు హాలు మూలలో ఉంది. ఇందాక సూపర్‌వైజర్ వంగింది అక్కడే. ఇన్‌స్పెక్టర్ నాకంటే ముందు వెళ్ళాడు. కుర్చీ ఖాళీ. స్క్రీన్ మీద ఒక బండి ఫారం తెరిచి ఉంది. ఇరవైమూడో నంబర్ బండి, వాటర్ ట్యాంక్ స్టాండ్.

“ఈ సీటు ఎవరిది?” అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

“సూపర్‌వైజర్ గారిదే సార్,” అంది ఏడో సీటావిడ. “ఆయన కార్డు లేకపోతే తెరుచుకోదు.”

నేను పరిగెత్తి వచ్చి జాబితాలో మళ్ళీ చూశాను. ఆ ఫారం తెరిచింది అతను నా దగ్గర్నుంచి లేచి వెళ్ళినప్పుడే. ఆ పేట నుంచి కాల్స్ రానంతసేపు ఎవరికీ అడ్డు రాలేదు. పన్నెండు దాటి కాల్స్ పెరిగాక అందరూ దానికి తగులుకుని ఆగిపోయారు.

ఇన్‌స్పెక్టర్ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. “దీన్ని ముట్టుకోకండి,” అన్నాడు. అతని గొంతు మారిపోయింది. “మీరు చెప్పింది నిజమైతే ఇదే ఆధారం. మావాడు కింద పార్కింగ్‌లో ఉన్నాడు. వచ్చి పద్ధతి ప్రకారం కాపీ తీసుకుంటాడు. నేను కళ్ళారా చూశానంటే కోర్టు ఒప్పుకోదు. ఇది అలాగే ఉండాలి.”

అతను అలా అన్నందుకు ఆ క్షణంలో నాకు అతని మీద గౌరవం కలిగింది. ఇంకొక్క ఐదు నిమిషాలు ఓపిక పడితే ఆ అమ్మాయి మీద కేసు నిలవదు.

“ఒక్క సంగతి చెప్పు తల్లీ,” అన్నాను ఫోన్‌లో. “మంగళవారం ఏ బండికి తాళం పడింది?”

“పదిహేడు. డాక్టర్ గారి వీధి చివర నిలబడేది.”

“ఎప్పట్నుంచి పడి ఉంది?”

“చాలాసేపటి నుంచి అక్కా. ఆయన ఇంటి నుంచి ఫోన్ రావడానికి ముప్పావుగంట ముందే పడింది.”

ఆ మాట నా చెవిలోంచి లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. ఆయనకు ఇంకా నొప్పి రాలేదు. ఇంట్లో ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అయినా ఆయన వీధి చివరి బండిని అప్పటికే ఎవరో కట్టిపడేశారు. ఆయనకు అంబులెన్స్ కావాల్సి వస్తుందని ముందుగానే తెలిసినవాడు, ఆ పొద్దున ఆయన ఇంటికెళ్ళొచ్చినవాడు ఆ పని చేశాడు. అది తెలిసి, ఆ పాపం మోయడానికి ఈ అమ్మాయిని పిలిచి, వెంటనే ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఆమె కట్టిన ఇండెక్స్ కూడా ఆ తాళం దగ్గరే ఆగింది. జనమంతా ఆమె వెనక ఆగారు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది నిర్లక్ష్యం కేసు కాదు. ఇది హత్య,” అన్నాను.

అతను తొమ్మిదో సీటు వైపు చూస్తూ మెల్లగా అడిగాడు. “అయితే ఇవాళ్టి బండి ఎవరికోసం?”

వెంటనే ఫోన్‌లో అడిగాను. “తల్లీ, వాటర్ ట్యాంక్ స్టాండ్ ఎవరి పేట?”

కిటికీ రెక్క తీసిన చప్పుడైంది.

“మా ఇంటి ముందుదే అక్కా. కిటికీలోంచి కనబడుతుంది.”

“ఇంట్లోకి ఎవరైనా వచ్చారా ఇవాళ?”

“సూపర్‌వైజర్ గారొచ్చారు. మీరు ఫోన్ చెయ్యడానికి కాస్త ముందే వెళ్ళారు. ధైర్యంగా ఉండమ్మా అన్నారు. అత్తయ్య కాఫీ కలిపితే, నువ్వు కూర్చోమ్మా అని ఆయనే కప్పులు అందించారు.” అటు తిరిగి చూసినట్టుంది. “అక్కా, అత్తయ్య ఇందాకటి నుంచి సోఫాలో పడుకున్నారు. తల తిరుగుతోందన్నారు. ఉండండి.”

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత దూరంగా ఆమె గొంతు. “అత్తయ్యా! అత్తయ్యా, ఇటు చూడండి! కళ్ళు తెరవండి!” నేను ఆ గొంతు వింటూ కుర్చీలోంచి లేచాను. క్యూ మొదట్లో ఎవరున్నారో ఆమెకు తెలుసని అతనితో చెప్పింది నేనే.

“వాటర్ ట్యాంక్ పేటకి బండి!” అని అరిచాను. ఏడో సీటావిడ నేను చెప్పిన చిరునామా కొట్టింది. చక్రం తిరుగుతోంది.

“వెళ్ళదండీ. ఇరవైమూడు మీద కర్చీఫ్ ఉంది కదా. వేరే పేట బండిని లాగుదామన్నా స్క్రీన్ కదలడం లేదు.”

“డ్రైవర్‌కి ఫోన్ చెయ్యండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“డ్రైవర్ల నంబర్లు మాకివ్వరు సార్. తెలిసినవాళ్ళకి ముందు పంపుకుంటున్నారని తీసేశారు. సూపర్‌వైజర్ దగ్గరే ఉంటాయి.”

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ చెయ్యి నా చేతి మీద పడింది.

“ఆగండి. మావాడు లిఫ్ట్‌లో ఉన్నాడు. రెండు నిమిషాలు.”

“ఆవిడకి రెండు నిమిషాలున్నాయని మీకెవరు చెప్పారు?”

“మేడమ్, ఆ కనెక్షన్ తెంపితే ఏం మిగుల్తుంది? అతను ఫారం తెరిచాడన్న గుర్తు కూడా ఉండదు. మంగళవారం రీస్టార్ట్ చేసినప్పుడు పోయినట్టే పోతుంది. సాయంత్రం ఆ అమ్మాయిని నేనే తీసుకెళ్ళాలి. పైవాళ్ళకి ఏం చూపించి ఆపను? ఆలోచించండి.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నాకు కోపం తన్నుకొచ్చింది. అబద్ధం చెప్పేవాణ్ణయితే తోసేసి ముందుకు పోవచ్చు. ఆ తాళం తెంపే ఆజ్ఞ నాకు తెలుసు. పదిహేనేళ్ళలో ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. అయినా వేళ్ళు కదల్లేదు. అది నా మెడ మీది కత్తి కాదు, ఆ పిల్ల మెడ మీది కత్తి.

ఫోన్‌లో మళ్ళీ ఆమె గొంతు వినపడింది. రొప్పుతోంది.

“అక్కా, అత్తయ్య పలకడం లేదు. బండి కనబడుతోంది, అక్కడే నిలబడి ఉంది. డ్రైవర్ పేపర్ చదువుకుంటున్నాడు. కిటికీలోంచి పిలిచాను, అద్దాలు ఎక్కించుకున్నాడు, వినపడలేదు. ఎందుకు కదలడం లేదు?”

“దాని మీద తాళం ఉంది తల్లీ. తీస్తే నీ మీద కేసు కొట్టెయ్యడానికి ఉన్న ఒక్క ఆధారం...”

“నంబర్ రాసుకోండి,” అంది.

“ఏంటి?”

“ఆ కనెక్షన్ నంబర్ జాబితాలో మొదటి గడిలో ఉంటుంది. నాకు చదివి వినిపించండి. తెంపేటప్పుడు ఒక్క అంకె తేడా వచ్చినా వేరేవాళ్ళది తెగుతుంది. తొందరలో కొట్టకండి.”

“ఇంకోసారి ఆలోచించు. సాయంత్రం...”

“ఆవిడ నాకు అత్తయ్య,” అంది. “చదవండి అక్కా.”

చదివాను. ఆమె ఒక్కొక్క అంకెనూ తిరిగి చెప్పింది. నేను కొట్టాను. ఇన్‌స్పెక్టర్ చెయ్యి నా చేతి మీద నుంచి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. ఆఖరి మీట నొక్కాను.

హాలంతా ఒక్కసారి కదిలింది. చక్రాలు ఆగిపోయి పేజీలు టపటపా తెరుచుకున్నాయి. ఎవరో “వెళ్ళింది!” అన్నారు, ఇంకెవరో “నాదీ వెళ్ళింది!” అన్నారు. ఏడో సీటావిడ గబగబా కొట్టి నా వైపు తిరిగింది. “ఇరవైమూడు కదిలిందండీ!” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మూలలో తొమ్మిదో సీటు స్క్రీన్ మీద ఇరవైమూడో బండి ఫారం మాయమైంది. దాని చోట మళ్ళీ లాగిన్ అవ్వమని అడుగుతున్న తెల్లటి పేజీ వచ్చింది. అప్పుడే లిఫ్ట్ తలుపు తెరుచుకుని ఇన్‌స్పెక్టర్ మనిషి పెట్టె పట్టుకుని లోపలికొచ్చాడు.

“నువ్వు చేసేదేం లేదు, వెనక్కెళ్ళు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ అతనితో. తర్వాత నాతో, కోపంగా కాదు, అలసిపోయినట్టు అన్నాడు. “మీ చేత్తో మీరే చెరిపేశారు. ఇప్పుడు నేనేం చెయ్యాలో మీరే చెప్పండి.”

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

“బండి బయలుదేరింది తల్లీ. నీ గుమ్మంలోకి వచ్చేస్తుంది. తలుపు తీసి ఉంచు.”

“తీశానక్కా. వస్తోంది, కనబడుతోంది.” మాట ముద్దముద్దగా వచ్చింది. మొదట్నుంచీ అలాగే వస్తోందని, అది నిద్రలేమి కాదని నాకు అప్పుడు అర్థమైంది. “అక్కా, ఆ బండిలో స్ట్రెచర్ ఒక్కటే ఉంటుంది కదా?”

“ఒక్కటే. ఎందుకు?”

“అత్తయ్య సగమే తాగారు. బాలేదని పక్కన పెట్టేశారు. నేను మొత్తం తాగేశాను.” ఊపిరి తీసుకుంది. “ముందు అత్తయ్యని ఎక్కించుకోమని చెప్పండి. వాళ్ళొచ్చేసరికి నేను చెప్పగలనో లేదో.”

రిసీవర్ జారి నేలకు కొట్టుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. నా ముఖం చూసి ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకున్నాడు, ఒక్క క్షణం విన్నాడు.

“ఇంకో బండి!” అని హాలంతా అదిరిపోయేలా అరిచింది నేను కాదు, శుభం కార్డు. “అదే ఇంటికి ఇంకో బండి పంపండి!”